ట్యాంకు మీద సీటు

బండి ట్రాలీ ఆటోలో ఇంటి ముందు దిగిన రోజు నాన్న గేటు దాకా వచ్చి చూశాడు. "ఈ దరిద్రం ఎక్కడ దొరికిందిరా నీకు?" అని లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి టీవీ సౌండు పెరిగింది.

అది 1983 మోడల్ ఎజ్డీ రోడ్‌కింగ్ మోటార్ సైకిల్. పాయింట్ల రకం, అంటే రెండు లోహపు ముక్కలు విడితే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టేది. ఆ పని ఎలక్ట్రానిక్‌గా చేసే సీడీఐ రాకముందుది. చిలకలూరిపేట అవతల ఒక పాడుబడ్డ పొగాకు బ్యారన్లో పంతొమ్మిదేళ్లుగా గోనెసంచుల కింద పడి ఉంది. సీటు లోపల ఎలకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెంచి పంపించేశాయి. రెండు సైలెన్సర్లలో ఒకటి చేత్తో నొక్కితే పొట్టు రాలినట్టు రాలింది. ముప్పై రెండు వేలు ఇచ్చాను. అమ్మిన కుర్రాడు డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుని, "పాత ఇనుము వాడు మూడు వేలన్నాడండీ" అని నవ్వాడు. ఆ మాట డబ్బు చేతిలో పడ్డాకే చెప్పాడు. తెలివైనవాడు.

ఎందుకు కొన్నావు అంటే నా దగ్గర ఒకటే జవాబు. ఆరేడేళ్ల వయసులో నేను ఇలాంటి బండి పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని గుంటూరు నుంచి ప్రత్తిపాడు, పెదనందిపాడు దాకా తిరిగాను. నాన్న ఒక ఎరువుల కొట్లో వసూళ్ల గుమస్తా. షావుకారు బండి కొనిచ్చి నెలనెలా జీతంలో పట్టుకునేవాడు. సెలవు రోజుల్లో నన్ను ముందు ఎక్కించుకునేవాడు. ట్యాంకు ఎండకి కాలుతుందని దాని మీద ఒక తువ్వాలు మడత. నా రెండు చేతులూ హ్యాండిల్ మధ్యలో, కళ్లెదురుగా వణుకుతున్న స్పీడోమీటరు ముల్లు, నడినెత్తి మీద నాన్న గడ్డం. చీకటి పడితే హెడ్‌లైట్ ఇంజనుతో పాటే ఊపిరి తీసుకునేది: యాక్సిలరేటర్ తిప్పితే రోడ్డు కనపడేది, వదిలితే కిరసనాయిలు దీపం. బండి నేనే నడుపుతున్నానని చాలాకాలం నమ్మాను.

1990లో గల్ఫ్ గొడవకి పెట్రోలు ధర పెరిగాక ఆ మరుసటేడు నాన్న దాన్ని అమ్మేసి నాలుగు స్ట్రోకుల 100 సీసీ బండి కొన్నాడు. ఎజ్డీ లీటరుకి పాతిక, మహా అయితే ముప్పై ఇచ్చేది. కొత్తది దానికి రెండింతలు పైనే ఇచ్చింది. ఇంట్లో పండగ. నేను మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

కోవిడ్‌లో హైదరాబాదు నుంచి గుంటూరు వచ్చేసి, ఇంటి నుంచే పని చేసుకుంటూ ఇక్కడే ఉండిపోయాను. 2022 ఎండాకాలంలో ఈ బండి కబురు తెలిసింది.

మెకానిక్‌ని వెతకడానికే నెల పట్టింది. కొత్త కుర్రాళ్లకి ఫ్యూయల్ ఇంజెక్షన్ తెలుసు, ల్యాప్‌టాప్ పెట్టి చూస్తారు. పాయింట్లు అంటే మొహం తేలేస్తారు. చివరికి దొరికిన భాయ్‌కి డెబ్బై దగ్గరకొచ్చాయి. షెడ్డు మూసేసి ఇంటి వెనక రేకుల పంచలో చిల్లర పనులు చేసుకుంటున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కిక్కు రాడ్డు పట్టుకుని ఊపి, "తొక్కడానికా బాబూ, షోకా?" అని అడిగాడు.

"తొక్కడానికే భాయ్."

"అయితే రంగు గురించి ఆరు నెలలు నా దగ్గర మాట్లాడొద్దు."

మాట్లాడలేదు. ఆరు కాదు, పదకొండు నెలలు.

ఇంజను దించిన రోజు నేను పక్కనే ఉన్నాను. టూ స్ట్రోక్ ఇంజను విప్పితే లోపల ఇంతేనా అనిపిస్తుంది. వాల్వులు లేవు, కామ్ షాఫ్ట్ లేదు. ఒక పిస్టన్, ఒక కనెక్టింగ్ రాడ్, ఒక క్రాంకు. సిలిండర్ గోడకున్న కంతల్ని పిస్టనే మూస్తూ తెరుస్తూ పోతుంది. ఎజ్డీకి పొగ వెళ్లే కంతలు రెండు, అందుకే ఒక్క సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు. చిన్నప్పుడు మా వీధి పిల్లలం "దీనికి రెండు ఇంజన్లు" అని పందేలు కాసేవాళ్లం. నేను గెలిచినట్టే లెక్క వేసుకునేవాణ్ణి.

అసలు బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 65 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున తొలిచి అంత లావు పిస్టన్ వేస్తారు. మా దాన్ని ఎన్నిసార్లు తొలిచారో, ఇక తొలవడానికి గోడ లేదు. లేత్ షాపులో లోపల కొత్త గొట్టం, స్లీవు అంటారు, దించి మళ్లీ మొదటి సైజుకి తెచ్చారు. క్రాంకు ప్రెస్సులో పెట్టి విడదీసి కొత్త రాడ్డు కిట్టు వేశారు. ఆ రోజు భాయ్ లేత్ షాపువాడి భుజం మీద నుంచి వంగి, వంకర కొలిచే డయల్ ముల్లు కదలడం ఆగేదాకా రాగి సుత్తితో క్రాంకుని చిన్నచిన్నగా కొట్టిస్తూనే ఉన్నాడు. టీ చల్లారిపోయింది. ఇంకోటి తెప్పిస్తే అదీ చల్లారిపోయింది.

ఆయన ఎక్కువగా భయపడింది ఆయిల్ సీళ్ల గురించి. పది రూపాయల రబ్బరు ముక్క అనుకుంటాం. క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేరు ఆయిల్‌ని పీల్చేసి తెల్లగా పొగ కక్కుతుంది. అది నయం, కళ్లకి కనపడుతుంది. డైనమో వైపు సీలు పోతే గాలి పీలుస్తుంది, పెట్రోలు మిశ్రమం పల్చబడుతుంది, బండి మామూలు కంటే హుషారుగా పరిగెడుతుంది. మనం మురిసిపోతుంటాం. ఆ హుషారులోనే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది, వెనక చక్రం బిగిసిపోతుంది.

"ఈ బండి బాగా పోతోందంటే ఆపి చూడు" అనేవాడు భాయ్.

సామాన్ల కోసం చెన్నై వెళ్లాను. జనరల్ పాటర్స్ రోడ్డులో కొత్త సరుకు, పుదుపేటలో విప్పిన బళ్ల సరుకు. రెండు రోజులు కాళ్లరిగేలా తిరిగాను. ఒక కొట్లో "కంపెనీది సార్" అని కట్టబెట్టిన పిస్టన్ రింగులు ఇంటికొచ్చి భాయ్ చేతిలో పెడితే, ఒకదాన్ని వేళ్ల మధ్య కొద్దిగా విప్పాడు. టప్పున విరిగింది. రెండోది కూడా విప్పి చూపించబోతే నేనే లాక్కున్నాను, దండగైన డబ్బుకి సాక్ష్యంగా ఒకటైనా ఉండాలని. అసలు పిస్టన్ ఆఖరికి మైసూరు నుంచి కొరియర్‌లో వచ్చింది. మైనం కాగితంలో చుట్టి, పైన గ్రీజు గట్టిపడి చీకిపోయిన బెల్లంలా ఉంది. భాయ్ దాన్ని కిరసనాయిల్లో ముంచి తుడిచి, అద్దంలా మెరుస్తుంటే అరచేతిలో పెట్టుకుని, "ఇది పుట్టి నీ పెళ్లి కంటే ముందే అయ్యుంటుంది" అన్నాడు.

మైసూరు అన్నాను కదా, ఈ బండి పుట్టిల్లు అదే. 1961లో ఐడియల్ జావా కంపెనీ అక్కడ చెకోస్లొవేకియా జావాల్ని తయారు చేయడం మొదలుపెట్టింది. జావా అంటే మనం తాగేది కాదు. 1929లో యానెచెక్ అనే ఆయన వాండరర్ కంపెనీ మోటార్ సైకిళ్ల హక్కులు కొని రెండు పేర్ల ముందక్షరాలూ కలిపాడు. ఇక్కడ కంపెనీ నడిపినవాళ్లు ఇరానీలు. 1973 నుంచి బండికి ఎజ్డీ అని పేరు మార్చారు. ఇరాన్‌లోని యజ్ద్ ఊరి పేరు అందులో ఉంది. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. పొగ నిబంధనలు బిగుస్తున్నాయి, జనం మైలేజీ వైపు వెళ్లిపోయారు, మా నాన్నలాగే. 2022 జనవరిలో ఎజ్డీ పేరుతో కొత్త బళ్లు మళ్లీ వచ్చాయి. షోరూముకి వెళ్లి నడిపి చూశాను కూడా. 334 సీసీ, నీళ్లతో చల్లబడే ఇంజను, నాలుగు స్ట్రోకులు. మంచి బండే, బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి. ఆయిల్ వాసన మాత్రం లేదు.

మధ్యలో కాగితాల బాగోతం. ఆర్‌సి నీలం అట్ట పుస్తకం, నంబరు మూడు ఇంగ్లీషు అక్షరాల కాలం నాటిది. పేరు మాత్రం ఎప్పుడో పోయిన రైతుది. ముందు ఫారం 31 మీద వారసుడికి మారాలి, తర్వాత 29, 30 మీద నాకు మారాలి, ఫారం 25 మీద రెన్యువల్ కావాలి. అన్నింటికంటే ముందు బండి కంప్యూటర్లో ఉండాలి, అది లేదు. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్లు దాటిన మోటార్ సైకిల్ రెన్యువల్ 300 నుంచి 1000 రూపాయలైంది, ఆలస్యానికి నెలకి 300 అదనం. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం మూడుసార్లు చేశాను. మూడోసారికి నాకు ఆ నంబరు ఫోన్ నంబరులా నోటికొచ్చేసింది. పొగ పరీక్షకి భయపడ్డాను గానీ 2000 మార్చి ఆఖరులోపు తయారైన టూవీలర్లకి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాకా ఒప్పుకుంటారు. పాసైంది. పరీక్ష చేసిన కుర్రాడు దగ్గుకుంటూ సర్టిఫికెట్ ఇచ్చాడు.

టైమింగ్ కట్టిన రోజు గురించి చెప్పాలి. భాయ్ దగ్గర మీటర్లు లేవు. ప్లగ్గు తీసి ఆ కంతలోంచి పాత సైకిల్ పుల్ల దించాడు. పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోట పుల్ల మీద ఆకురాయితో ఒక గీత, దానికి సుమారు 3 మిల్లీమీటర్ల కింద ఇంకో గీత. తర్వాత సిగరెట్ పెట్టెలోంచి పల్చటి కాగితం చింపి పాయింట్ల మధ్య ఇరికించాడు. ఎడమ చేత్తో కాగితాన్ని మెల్లగా లాగుతూ కుడిచేత్తో క్రాంకు తిప్పాడు. పుల్ల రెండో గీత దగ్గరికి వచ్చేసరికి కాగితం సుతారంగా జారి వచ్చేసింది. అంటే పాయింట్లు సరిగ్గా అక్కడే విడుతున్నాయి, నిప్పురవ్వ అక్కడే పుడుతుంది. కాగితాన్ని చెవిలో పెట్టుకుని "కొట్టు" అన్నాడు.

ఎజ్డీలో కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే, ఎడమవైపు. రాడ్డుని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. కొట్టి వదిలితే కిందికి దిగి గేరు. మొదటిసారి చూసినవాళ్లు బండికి కిక్కు లేదనుకుంటారు. గేరు వేసేటప్పుడు ఆ రాడ్డే క్లచ్‌ని కూడా విడదీస్తుంది, చెయ్యి పెట్టక్కర్లేదు. నలభైల్లోనే ఆలోచించిన పని అది. ఇవన్నీ నేను చదివి తెలుసుకున్నవి. నా కాలికి తెలియవు. నాలుగో కిక్కుకి రాడ్డు ఎదురు తన్ని పిక్క మీద కొట్టింది. ఏడో కిక్కుకి ఒక్కసారి దగ్గింది. తొమ్మిదోదానికి అందుకుంది. ఒక దెబ్బ మింగుతూ ఒక దెబ్బ వదులుతూ, రెండు సైలెన్సర్ల నుంచీ నీలం పొగ. పంచ నిండిపోయింది. పక్కింటావిడ దోమల మందు కొడుతున్నారనుకుని కిటికీలు మూసుకుంది. భాయ్ కళ్లు మూసుకుని వింటున్నాడు. ఏమంటాడోనని చూస్తే, "కార్బురేటర్ స్క్రూ అర చుట్టు" అన్నాడు.

మొదటి 500 కిలోమీటర్లు నలభై దాటొద్దు అన్నాడు, లీటరుకి 40 మి.లీ. బదులు 50 మి.లీ. 2టీ ఆయిల్, టూ స్ట్రోక్ బళ్లకి పెట్రోల్లో కలిపేది, పోయమన్నాడు. ఆయిల్ సీసా, కొలగ్లాసు డిక్కీలో పెట్టుకుని తిరగడం ఒక అలవాటైంది. బంకు కుర్రాళ్లకి అది వింత. ఇప్పటి పెట్రోలుతో ఇంకో పేచీ ఉంది. ఇథనాల్ కలుస్తోంది, ఇరవై శాతం దాకా. అది తేమని పీలుస్తుంది, పాత రబ్బర్లకి పడదు. రెండు వారాలు నిలబెట్టేసరికి పెట్రోలు పైపు ఎండిన వంకాయ తొడిమలా గట్టిపడింది, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలో తెల్లటి జిగురు. ఇప్పుడు ఇంటికొచ్చే ముందు వీధి మలుపులోనే పెట్రోలు కాక్ కట్టేస్తాను; గిన్నెలో ఉన్నది తాగేసి సరిగ్గా గేటు దగ్గరే ఆగుతుంది. సరిగ్గా అనేది నా ఆశ. ఒక్కోసారి నాలుగిళ్ల అవతల ఆగుతుంది, తోసుకొస్తాను.

ఇన్ని చేసి, ఆ మొదటి 500 కిలోమీటర్ల రన్నింగ్-ఇన్ అయ్యాక, ఒక ఆదివారం తెల్లారుజామున పెదనందిపాడు రోడ్డెక్కాను. ఆ రోడ్డే కావాలని. చలికాలం, చేలల్లో మిరప. బండి బాగుంది. అద్దాలు అదురుతూ వెనక ఏమొస్తోందో తెలియకపోవడం, డిస్కులు లేని బ్రేకుని ముందే ఆలోచించి తొక్కడం, అన్నీ బాగున్నాయి. కానీ ఇరవై కిలోమీటర్లు పోయినా నేను వెతుక్కుంటూ వచ్చింది తగల్లేదు. చప్పుడు అదే, వాసన అదే. ఏదో లేదు.

ఒక చెరువు గట్టు దగ్గర ఆపి టీ తాగాను. తిరిగి ఎక్కేటప్పుడు తాళం చెవి కింద పడింది. దాని కోసం వంగినప్పుడు మొహం ట్యాంకు మీదికి, స్పీడోమీటరు దగ్గరికి వచ్చింది. అక్కడి నుంచి చూస్తే రోడ్డు వేరే. హ్యాండిల్ రెండు కొమ్ముల మధ్యలోంచి, హెడ్‌లైట్ బుగ్గ మీదుగా, అంత దగ్గరగా, అంత పెద్దగా. నేను దాచుకున్నది ఈ రోడ్డుని. సీటు మీద కూర్చున్నవాడికి ఇది కనపడదు. కనపడాలంటే వెనక ఇంకో మనిషి ఉండాలి. అలా ట్యాంకు మీద గడ్డం ఆనించి ఎంతసేపున్నానో, టీ కొట్టాయన "ఏవండీ, కళ్లు తిరుగుతున్నాయా?" అని సోడా తెచ్చాడు. తాగాను. డబ్బులు తీసుకోలేదు.

ఆ రాత్రి కరెంటు పోతే అరుగు మీద కూర్చున్నాం. పెదనందిపాడు వెళ్లొచ్చానని చెప్పాను. నాన్న చాలాసేపు విసనకర్ర ఊపాడు.

"ఎనభైల్లో పత్తికి తెల్లదోమ పట్టింది తెలుసా నీకు? ఎన్ని మందులు కొట్టినా చావలేదు. మా కొట్లోనే అప్పుకి మందులు తీసుకెళ్లారు అందరూ. పంట పోయింది, బాకీ ఉంది. నేను వెళ్లాలి. ఎజ్డీ చప్పుడు రెండు ఫర్లాంగుల నుంచి వినపడేదిరా. నేను గుమ్మంలోకి వెళ్లేసరికి ఆడవాళ్లు బయటికొచ్చి ఆయన లేడండీ అనేవాళ్లు. లోపల మంచం కిర్రుమనేది. వింటూ నిలబడేవాణ్ణి."

నేనేం మాట్లాడలేదు.

"వానాకాలంలో నల్లరేగడి. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బంక పట్టేసి బండి కదిలేది కాదు. కంపపుల్లతో గీక్కుంటూ, పది గజాలు తోసి, మళ్లీ గీక్కుంటూ. సైలెన్సర్లలో బొగ్గు పడితే రోడ్డు పక్కన విప్పి మంటేసి కాల్చేవాళ్లం. మీ అమ్మ పిక్క మీద మచ్చ చూశావుగా, ఆ సైలెన్సరే. నువ్వు ముందు కూర్చుని పాటలు పాడేవాడివి."

"నన్నెందుకు తీసుకెళ్లేవాడివి మరి?"

"పసివాడు ఉంటే జనం తిట్టరని."

కరెంటు వచ్చింది. లేచి వెళ్లిపోయాడు.

బండి అమ్మేద్దామా అని వారం రోజులు ఆలోచించాను. పాతబళ్ల పిచ్చోళ్లు ఎవరో ఒకరు లక్ష దాటి ఇస్తారు. ఖర్చు మొత్తం లెక్కేస్తే నాకు పడింది లక్షా ఇరవై. అమ్మలేదు. కారణం గొప్పదేం కాదు, ఆ వారమే భాయ్ కొత్త క్లచ్ కేబుల్ చేత్తో అల్లి తెచ్చాడు, వద్దనలేకపోయాను.

తర్వాతి నెలలో ఒక పొద్దున బండి స్టార్టవ్వలేదు. ఇరవై కిక్కులు కొట్టాను. చొక్కా తడిసిపోయింది. వెనక చప్పుడైతే తిరిగాను. నాన్న కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"ఇంజను పెట్రోల్లో మునిగిపోయిందిరా, వాసన తెలియట్లా? కాక్ కట్టెయ్. ప్లగ్గు విప్పు."

విప్పాను. తడిగా, నల్లగా ఉంది. కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి ప్లగ్గు నా చేతిలోంచి తీసుకున్నాడు. పైకెత్తి వెలుగులో చూశాడు. లుంగీ అంచుతో తుడిచాడు, ఊదాడు, గోటితో గ్యాప్‌లోంచి మసి గీకాడు. "యాక్సిలరేటర్ మొత్తం తిప్పి పట్టుకుని వట్టి కిక్కులు కొట్టు, నాలుగు." కొట్టాను. కంతలోంచి పెట్రోలు ఆవిరి తుపుక్ తుపుక్‌మని వచ్చింది. ప్లగ్గు వేళ్లతో బిగించి, ఆఖరి పావు చుట్టుకి పానా అడిగాడు.

"జరుగు."

డెబ్బై ఆరేళ్లు. మోకాళ్లకి బెల్టులు. స్టాండు మీదున్న బండి పక్కన నిలబడి, చూడకుండా, పాదంతో రాడ్డుని లోపలికి నొక్కి పైకి లేపాడు. ఎప్పుడు కొట్టాడో నాకు కనపడలేదు. ఒక్క కిక్కు. అందుకుంది. చేత్తో యాక్సిలరేటర్ కొద్దిగా ఆడిస్తూ, తల పక్కకి వంచి విన్నాడు.

"ఆయిల్ ఎంత పోస్తున్నావు?"

"నలభై."

"ఎక్కువ కాదు గానీ, ఐడిల్ దొంగగా ఉంది. ఎవడు కట్టాడు టైమింగు?"

చెప్పాను. "సిగరెట్ కాగితంతోనేనా?" అన్నాడు. అవునన్నాను. తల ఊపాడు. స్క్రూడ్రైవర్ తెమ్మని కార్బురేటర్ దగ్గర కూర్చోబోయాడు, మోకాళ్లు వంగలేదు. నేను కుర్చీ తెచ్చి వేశాను. అందులో కూర్చుని పక్కకి వంగి గాలి స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ అరగంట గడిపాడు. కాఫీ మీద చీమలు పట్టాయి. పొగ వంటింటి కిటికీలోకి పోయింది.

అమ్మ వెనక గుమ్మంలోకి వచ్చింది. కుర్చీలో నాన్ననీ, మసి పట్టిన ఆ లుంగీనీ, నన్నూ చూసింది. లోపలికెళ్లి ఒక చేత్తో కిరసనాయిలు సీసా, ఇంకో చేత్తో బట్టలసబ్బు తెచ్చి కుళాయి గట్టు మీద టక్కున పెట్టింది.

"ఇద్దరూ చేతులు కడుక్కునేదాకా గడప తొక్కారంటే ఊరుకోను. ముప్పై ఏళ్లకి వదిలిందనుకున్నా ఈ కంపు."